రామేశ్వరంలో కలాం గారి జాడలు: పొద్దుట్నుంచి పొద్దుగూకే దాకా

రామేశ్వరం వెళ్లొచ్చినవాళ్లను కలాం గారి స్మారకం చూశారా అని అడిగితే చాలామంది చూశామనే అంటారు. తిరుగుప్రయాణంలో బస్సు ఊరి బయట స్మారకం ఉన్న పేయ్‌కరుంబు దగ్గర ఆగుతుంది. డ్రైవరు అరగంట టైమిస్తాడు. సమాధికి దండం పెట్టుకుని, బయట క్షిపణి నమూనా ముందు ఫొటో దిగి బస్సెక్కేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ అరగంటలో కనిపించేది భారతరత్న కలాం గారు, రాష్ట్రపతి కలాం గారు. చింతగింజలు ఏరి కొట్లో అమ్ముకున్న పిల్లాడు అక్కడ దొరకడు. అతను ఊళ్లో ఉన్నాడు. అతన్ని చూడాలంటే ఒక రోజు పూర్తిగా పెట్టుకోవాలి, చూసే వరస మార్చుకోవాలి. తెల్లవారుజామున గుడి, తర్వాత మసీదు వీధి, ఎండ ముదరకముందే ధనుష్కోటి, మధ్యాహ్నం దాటాక స్మారకం, పొద్దువాలే వేళకు మళ్లీ సముద్రపు ఒడ్డు. ఈ వరసలో వెళ్తే గుడి తలుపులు మూసే వేళ, ఎండ, ధనుష్కోటి దారి మూసే వేళ, అన్నీ కలిసొస్తాయి.

వీలైతే రైల్లోనే రండి. పాత పంబన్ వంతెన మీద ఒక్కసారి ప్రయాణించినవాళ్లు కూడా దాన్ని మరిచిపోలేరు. 1914 ఫిబ్రవరి 24న మొదలైన వంతెన అది. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఇవతలి ఒడ్డున ఉన్న మండపం స్టేషన్ దాటగానే రైలు నెమ్మదించేది, పెట్టెలో కబుర్లు వాటంతటవే ఆగిపోయేవి. తలుపు దగ్గర నిలబడి కిందికి చూస్తే కట్టడం కనిపించేది కాదు, చక్రాల పక్కనుంచి నీళ్లే కనిపించేవి. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటిందంటే సిగ్నల్ దానంతటదే ఎర్రబడేది. గాలి తగ్గేదాకా ఇటు మండపంలోనో అటు పంబన్‌లోనో పడిగాపులే. ఓడ వచ్చినప్పుడు మధ్యలో తెరుచుకునే భాగం, అంటే షెర్జర్ స్పాన్, రెండు రెక్కలనూ మనుషులే బలం కొద్దీ తిప్పి పైకి లేపేవారు. 1964 తుఫానులో 145 గర్డర్లలో (ఇనుప దూలాల్లో) 126 కొట్టుకుపోతే, శ్రీధరన్ గారి ఆధ్వర్యంలో 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టారు. తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించిన ఆ శ్రీధరన్ గారే.

2022 డిసెంబర్‌లో పాత వంతెన మీద రైళ్లు ఆగిపోయాయి. రెండేళ్లకు పైగా ద్వీపానికి రైలు లేదు, యాత్రికులు అవతలి ఒడ్డునే దిగి బస్సుల్లో రావాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, పక్కనే కట్టిన కొత్త వంతెన మొదలైంది. ఇందులో 72.5 మీటర్ల స్పాన్ మొత్తం లిఫ్టులా నిట్టనిలువుగా 17 మీటర్ల ఎత్తుకు లేస్తుంది, మోటార్లతో. రైలు ఇప్పుడు గబగబా దాటేస్తుంది కాబట్టి పంబన్ వచ్చేటప్పటికి నిద్రలో ఉంటే అంతే సంగతులు. మండపం దగ్గరే లేచి కూర్చోండి. మదురై నుంచి రోడ్డున వచ్చేవాళ్లకు దూరం సుమారు 170 కిలోమీటర్లు. 1988లో తెరిచిన రోడ్డు వంతెన మీంచి రైలు వంతెన బాగా కనిపిస్తుంది. అందుకే అక్కడ బండ్లు ఆపేస్తారు, వెనకంతా ట్రాఫిక్ జామ్ అవుతుంది.

ముందు రోజు రాత్రికే ఊరు చేరి, తెల్లవారుజామున గుడి తెరిచే వేళకు తూర్పు గోపురం దగ్గర ఉండాలి. ఐదింటికి తెరుస్తారు, మొదట స్ఫటికలింగ దర్శనం. మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి మళ్లీ మూడింటికి తెరుస్తారు. ఈ రెండు గంటల సంగతి తెలియక పన్నెండున్నరకు చేరి, గోపురం బయట ఎండలో కూర్చునేవాళ్లు రోజూ కనిపిస్తారు. తీర్థస్నానాలు చేసేవాళ్లు ముందు బయట అగ్నితీర్థంలో, అంటే సముద్రంలో, మునగాలి. తర్వాత గుడిలోపలి 22 తీర్థాలు. బావి గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన బకెట్‌తో తోడి తల మీద గుమ్మరిస్తాడు. రాతినేల అంతా తడి, పిల్లల్ని, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించండి. తడిబట్టలతో గర్భగుడి వైపు పంపరు. పొడిబట్టల సంచి వెంట లేకపోతే బసకు వెళ్లి రావాలి, గంట పోతుంది. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు. అమావాస్య నాడు మాత్రం ఈ కార్యక్రమం పెట్టుకోకండి. పితృకార్యాలకు వచ్చేవాళ్లతో ఊరంతా నిండిపోతుంది. ఆషాఢ, మహాలయ, తై అమావాస్యలయితే ఇక చెప్పక్కర్లేదు, ఆ రోజు గుడి ఒక్కటే అవుతుంది.

గుడి మూడో ప్రాకారంలో 1,212 స్తంభాలు. ఆ నడవలో చివరికంటా నడిచి ఒక్క విషయం గుర్తు చేసుకోండి. ఈ గుడి ప్రధాన అర్చకులు పక్షి లక్ష్మణశాస్త్రి గారు, ఊళ్లో మసీదు పెద్ద జైనులాబ్దీన్ గారు ప్రాణస్నేహితులు. ఇద్దరూ తమ తమ సంప్రదాయ దుస్తుల్లో కూర్చుని ఆధ్యాత్మిక విషయాలు మాట్లాడుకునేవారు. పక్కన కూర్చుని వినే చిన్నపిల్లాడు జైనులాబ్దీన్ గారి ఆఖరి కొడుకు, అబ్దుల్ కలాం. 1931 అక్టోబర్ 15న పుట్టాడు.

గుడి నుంచి కలాం గారి ఇల్లున్న మసీదు వీధికి పది నిమిషాల నడక. ఆటో ఎక్కకండి. ఎక్కక తప్పకపోతే ఈ మాటలు తెలిసి ఉండాలి: "కలాం వీడు" అంటే ఇల్లు, "కలాం మణిమండపం" అంటే స్మారకం. "కలాం మెమోరియల్" అంటే ఆటో నేరుగా ఊరి బయటికి, పేయ్‌కరుంబుకు పోతుంది. ఇల్లు చూద్దామని బయల్దేరి సమాధి దగ్గర తేలినవాళ్లు కొల్లలు.

ఇల్లు ఇప్పుడు పాత రూపంలో లేదు, కొత్తగా కట్టుకున్నారు. కుటుంబం అందులోనే ఉంటుంది కాబట్టి చెప్పుల దగ్గర్నుంచి మాటల చప్పుడు దాకా ఒకరి ఇంటికి వెళ్లినట్టే మసలుకోవాలి. మెట్లెక్కి పైకి వెళ్తే ఫొటోలు, పురస్కారాలు, పుస్తకాలు అమర్చిన మ్యూజియం. మెట్లు ఇరుకు, ఎక్కేవాళ్లు దిగేవాళ్లు తగులుకుంటారు. టూరు బస్సులు తొమ్మిదిన్నర పది ప్రాంతంలో ఒక్కసారిగా జనాన్ని దింపుతాయి, కాబట్టి అంతకుముందే వెళ్తే గోడ మీది ప్రతి ఫొటో కింద రాసింది చదువుకునే తీరిక దొరుకుతుంది. పద్మభూషణ్ 1981లో, పద్మవిభూషణ్ 1990లో, భారతరత్న 1997లో. రాష్ట్రపతి కాకముందే మూడూ వచ్చేశాయి.

కానీ ఆ ఇంటి విలువ అద్దాల బీరువాల్లో లేదు. వీధిలోకి వచ్చి నిలబడండి. జైనులాబ్దీన్ గారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి నమాజు చేసుకుని, ఇక్కణ్నుంచి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న తమ కొబ్బరితోటకు నడిచేవారు. డజను కొబ్బరికాయలు భుజాన వేసుకుని అదే దారిన నడిచి వచ్చాకే పొద్దుటి ఫలహారం. అరవై దాటాక కూడా ఇదే దినచర్య. తల్లి ఆశియమ్మ గారు వంటింట్లో నేల మీద అరటాకు వేసి అన్నం, సాంబారు, ఇంట్లో పెట్టిన ఊరగాయ, తాజా కొబ్బరి చట్నీ వడ్డించేవారు. ఇంటివాళ్ల కంటే బయటివాళ్లే ఎక్కువమంది ఆ ఇంట రోజూ తినేవారని కలాం గారు ఆత్మకథలో రాసుకున్నారు. ఇదే వీధిలోని కిరాణాకొట్టులో ఆయన చింతగింజలు అమ్మింది. యుద్ధకాలంలో వాటికి ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది, రోజంతా ఏరితే ఒక అణా. 2006లో ఈ కుటుంబం నుంచి యాభైమందికి పైగా బంధువులు రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి కొన్నాళ్లు ఉన్నారు. వాళ్ల బసకూ భోజనాలకూ అయిన ఖర్చు, సుమారు 3.52 లక్షల రూపాయలు, కలాం గారు సొంత డబ్బులోంచి కట్టేశారు. ఆ సంగతి ఢిల్లీలో చదివితే నిజాయితీ అనిపిస్తుంది. ఈ వీధిలో నిలబడి తలుచుకుంటే ఇంటి పద్ధతి అనిపిస్తుంది.

ఆయన చదివిన ప్రాథమిక పాఠశాల కూడా ఊళ్లోనే. బడి నడిచే రోజుల్లో లోపలికి చొరబడకండి, గేటు బయటనుంచి చూస్తే చాలు. ఐదో తరగతిలో టోపీ పెట్టుకున్న కలాం, జంధ్యం వేసుకున్న రామనాథశాస్త్రి ముందు బెంచీలో పక్కపక్కన కూర్చునేవారు. రామనాథం లక్ష్మణశాస్త్రి గారి అబ్బాయే. కొత్తగా వచ్చిన పంతులు అది చూడలేక కలాంను వెనక బెంచీకి పంపాడు. వెనక్కి వెళ్తున్న స్నేహితుణ్ని చూసి రామనాథం ఏడ్చాడు. ఇద్దరూ ఇళ్లలో చెప్పారు. లక్ష్మణశాస్త్రి గారు ఆ పంతుల్ని పిలిపించి, పసిమనసుల్లో ఈ విషం పోయొద్దని, క్షమాపణ చెబుతావా, బడీ ఊరూ విడిచి వెళ్తావా తేల్చుకొమ్మని గట్టిగా అడిగారు. పంతులు తన తప్పు తెలుసుకున్నాడు. తర్వాతి రోజుల్లో రామనాథశాస్త్రి తండ్రి స్థానంలో గుడి అర్చకుడయ్యాడు. కలాం గారి చిన్ననాటి స్నేహితుల్లో మిగతా ఇద్దరిలో అరవిందన్ యాత్రికులకు బండ్లు ఏర్పాటు చేసే వ్యాపారం చేశాడు, శివప్రకాశన్ దక్షిణ రైల్వేలో క్యాటరింగ్ కాంట్రాక్టరయ్యాడు. నలుగురిలో ముగ్గురు రామేశ్వరానికి వచ్చేపోయేవాళ్లను నమ్ముకునే బతికారు.

అదే బడిలో సైన్సు చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ గారు ఒకసారి కలాంను భోజనానికి పిలిచారు. ముస్లిం పిల్లాడికి తన వంటింట్లో వడ్డించనని ఆయన భార్య అంది. అయ్యర్ గారు ఆమెను ఒక్కమాట అనలేదు. తానే వడ్డించి, పిల్లాడి పక్కన కూర్చుని తిన్నారు. పైగా వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడే లోపలికి తీసుకెళ్లి వడ్డించింది. పంతుల్ని గద్దించి సరిదిద్దిన పెద్దమనిషి ఒకరు, నోరెత్తకుండా సరిదిద్దిన పెద్దమనిషి ఇంకొకరు. ఒకే ఊళ్లో, ఒకే పిల్లాడి చిన్నతనంలో.

ఊళ్లోంచి బయటికి వెళ్లే దారిలో రామతీర్థం కోనేరు వస్తుంది. బస్సులేవీ ఇక్కడ ఆగవు, గైడ్లు దీని పేరెత్తరు. సీతారామ కల్యాణం రోజుల్లో ఉత్సవ విగ్రహాలను కోనేరు మధ్యనున్న మండపానికి చేర్చడానికి, ప్రత్యేకంగా వేదిక అమర్చిన పడవలు ఏర్పాటు చేసింది కలాం గారి కుటుంబమే. ఐదు నిమిషాలు గట్టున నిలబడండి. ఈ కోనేరు చూశాక స్మారకంలోని బొమ్మలు వేరుగా కనిపిస్తాయి.

పదింటికల్లా ధనుష్కోటి బాట పట్టాలి. ఊరి నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఆటోలు, టౌన్ బస్సు ఉన్నాయి. ఆటో మాట్లాడుకునేటప్పుడు "అరిచల్‌మునై దాకా, శిథిలాల దగ్గర ఆపాలి, రానూపోనూ" అని ముందే తేల్చుకోండి. అరిచల్‌మునై అంటే రోడ్డు ముగిసే ఆ చివరి కొస. ముందే తేల్చుకోకపోతే శిథిలాల దగ్గరే తిప్పేసి ఇదే ధనుష్కోటి అంటారు. 2017కు ముందు ఇక్కడికి రోడ్డు లేదు. ముకుందరాయర్ సత్రం దాకా బస్సులో వచ్చి, అక్కణ్నుంచి జీపులూ వ్యాన్లలో కుక్కించుకుని, తడి ఇసుకలో ఊగిపోతూ వెళ్లేవాళ్లు. చక్రం దిగబడితే అందరూ దిగి తోయాల్సిందే. ఇప్పుడు తొమ్మిదిన్నర కిలోమీటర్ల తారురోడ్డు కొస దాకా ఉంది, ఒక పక్క బంగాళాఖాతం, రెండో పక్క మన్నార్ సింధుశాఖ. నీడ మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనిషికి లీటరు నీళ్లయినా పెట్టుకోండి. నీళ్లలో దిగకండి, రెండు వైపుల నీళ్లూ కలిసే చోట లాగుడు ఎక్కువ. సాయంత్రం కాగానే పోలీసులు బండ్లను వెనక్కి పంపేస్తారు. ధనుష్కోటిని రోజు చివరికి పెట్టుకోకూడదనడానికి అది మొదటి కారణం, ఎండ రెండోది.

కలాం గారి కథలో ధనుష్కోటికి పెద్ద చోటే ఉంది. తండ్రి చేత్తో కట్టిన చెక్క పడవ యాత్రికులను రామేశ్వరం నుంచి ఇక్కడికే తెచ్చేది. ఆ పడవ పనిలో సాయపడ్డ అహ్మద్ జలాలుద్దీన్ తర్వాత కలాం గారి అక్క జొహ్రాను పెళ్లి చేసుకున్నాడు. ఎంఐటీలో (మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో) చేరడానికి డబ్బుల్లేకపోతే తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది ఈ అక్కే. మద్రాసు నుంచి బయల్దేరిన బోట్ మెయిల్ రైలు ధనుష్కోటిలో ఆగేది, అక్కణ్నుంచి సిలోన్‌కు స్టీమరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేసింది. దాంతో పత్రికల కట్టలను రామేశ్వరం రోడ్ దగ్గర కదిలే రైల్లోంచే బయటికి విసిరేవారు. ఊళ్లో పత్రికలు పంచే కలాం గారి దగ్గరి బంధువు సంసుద్దీన్‌కు ఆ కట్టలు అందుకునే మనిషి కావలసి వచ్చాడు. కలాం గారి తొలి జీతం అదే. ఇవాళ ఇసుకలో సగం మునిగిన పట్టాల ఆనవాళ్లు, రైల్వేస్టేషన్ గోడలు, చర్చి మొండిగోడలు చూస్తున్నప్పుడు ఆ కట్ట నేలకు తాకిన చప్పుడు ఊహించుకోవచ్చు.

1964 డిసెంబర్ 22 రాత్రి తుఫాను ఈ ఊరిని తుడిచేసింది. పంబన్ నుంచి వస్తున్న ప్యాసింజర్ రైలు వందమందికి పైగా జనంతో అలల్లో కొట్టుకుపోయింది. ప్రభుత్వం దీన్ని మనుషులు నివసించడానికి పనికిరాని చోటుగా ప్రకటించింది. చర్చి గోడల్లో పగడపు రాళ్లు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. చేత్తో పీకడం, గోడలెక్కి ఫొటోలు దిగడం చేయకండి. ఏటా కొంచెం కొంచెంగా రాలిపోతున్న గోడలవి.

ఒంటిగంటకు ఊరికి తిరిగొచ్చి భోజనం, కాసేపు నడుం వాల్చడం. మూడింటికి పేయ్‌కరుంబు. 2015 జులై 27న షిల్లాంగ్ ఐఐఎంలో ప్రసంగిస్తూ కలాం గారు కుప్పకూలి కన్నుమూశారు. 30న ఇక్కడ ఖననం చేశారు. ఆయన పోయిన సరిగ్గా రెండేళ్లకు, 2017 జులై 27న, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కట్టిన స్మారకాన్ని ప్రధాని మోదీ ప్రారంభించారు. ముఖద్వారం ఇండియా గేట్‌ను, గుమ్మటం రాష్ట్రపతి భవన్‌ను తలపిస్తాయి. తలుపుల దగ్గరికెళ్లి చెక్కడం చూడండి. లోపల ఫొటోలు తీయనివ్వరు. అదొక రకంగా మేలే, చూపు గోడల మీద నిలుస్తుంది. జులై 27, అక్టోబర్ 15 తేదీల్లో మాత్రం ప్రముఖుల రాక వల్ల గంటలకొద్దీ బయట నిలబడాల్సి వస్తుంది.

లోపల చిత్రాలు, ఫొటోలు, విగ్రహాలు, రాకెట్ల నమూనాలు. వీణ వాయిస్తున్న కలాం గారి విగ్రహం దగ్గర అందరూ ఆగుతారు. తెలుగువాళ్లు ఎక్కువసేపు ఆగాల్సింది రాకెట్ల దగ్గర. కలాం గారి నాయకత్వంలో తయారైన ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మన శ్రీహరికోట నుంచి లేచింది. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు, మోయగలిగేది 40 కిలోలు. 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగం. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం లీకై దశ అదుపు తప్పింది. 317 సెకన్లకే అంతా ముగిసి, శకలాలు 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడ్డాయి. ఆ రోజు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ గారు. 1980 జులై 18న రెండో ప్రయోగంలో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమని ముందుకు పంపారు.

బయట ఉన్నది 45 అడుగుల అగ్ని-2 నమూనా. కలాం గారు 1982లో హైదరాబాద్‌లోని క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న, అగ్ని 1989 మే 22న ఎగిరాయి. అగ్ని అంతకుముందు రెండుసార్లు ఆఖరి క్షణాల్లో ఆగిపోయింది. ఆ క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి మిశ్రమ పదార్థంతోనే, నిమ్స్ ఆస్పత్రిలో మూడు కిలోలకు పైగా బరువున్న క్యాలిపర్లు (కాళ్లకు ఆధారంగా కట్టే పరికరాలు) ఈడ్చుకుంటూ నడిచే పిల్లలకు 300 గ్రాముల క్యాలిపర్లు చేయించారు. తన జీవితంలో ఎంతో ఆనందపెట్టిన పనుల్లో అదొకటని చాలాచోట్ల చెప్పుకున్నారు. క్షిపణి ముందు ఫొటో దిగేటప్పుడు పిల్లలకు ఆ క్యాలిపర్ల సంగతి చెప్పండి.

సమాధి దగ్గర తొందరపడకండి. పొద్దున్న ఆ వీధి, ఆ బడి, ఆ కోనేరు చూసి వచ్చినవాళ్లకు అక్కడ చెప్పుకోవడానికి, తలుచుకోవడానికి చాలా ఉంటుంది. బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్లకు రాయి మాత్రమే కనిపిస్తుంది.

ఐదున్నరకు బయటపడి ఊళ్లోకి వచ్చేయండి. అగ్నితీర్థం దగ్గర జనం కాస్త పలచగా ఉన్నచోట, ఒడ్డున కూర్చోండి. అయ్యర్ గారు ఒకరోజు తరగతిలో నల్లబల్ల మీద పక్షి బొమ్మ గీసి, అది ఎలా లేస్తుందో, ఎలా మలుపు తిరుగుతుందో పాతిక నిమిషాలు చెప్పారు. అర్థమైందా అని అడిగితే లేదన్నాడు కలాం. మిగతా పిల్లలూ అదే అన్నారు. ఆయన కోప్పడలేదు. ఆ సాయంత్రమే తరగతి మొత్తాన్ని సముద్రపు ఒడ్డుకు నడిపించుకొచ్చారు. పది, ఇరవై పక్షుల గుంపులను చూపించి, లేచేటప్పుడు రెక్కలు ఎలా కొడుతున్నాయో, తిరగాలనుకున్న దిక్కుకు తోక ఎలా మెలిపెడుతున్నాయో చూడమన్నారు. ఎగరడమే నా చదువు అని కలాం గారు ఆ రోజే అనుకున్నారట. చీకటి పడకముందు పక్షులు ఇప్పటికీ గుంపులుగా వస్తాయి. రెక్కల్ని చూడటం తేలికే, తోకను చూడాలంటే పక్షి మలుపు తీసుకునే ఆ ఒక్క క్షణం కనిపెట్టుకుని ఉండాలి.